పర్మాంగనేట్ టైట్రేషన్: ఏ తప్పు రీడింగుని ఎటు లాగుతుంది

టైట్రేషన్‌లో, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో తెలియని దాని గాఢతని కొలిచే ప్రయోగంలో, ప్రతి తప్పుకీ ఒక దిక్కు ఉంటుంది. ద్రావణాన్ని కొలిచి తీసే పిపెట్‌లో నీళ్ల తడి ఉంటే రీడింగు తగ్గుతుంది. పైనుంచి చుక్కలుగా వదిలే బ్యూరెట్‌లో ఉంటే పెరుగుతుంది. కోనికల్ ఫ్లాస్క్‌లో ఉంటే ఏమీ కాదు. ఈ మూడింటికీ కారణం చెప్పగలిగితే ప్రయోగం సగం వచ్చేసినట్టే. చెప్పలేకపోతే ఎన్నిసార్లు చేసినా అది స్టాప్‌కాక్ తిప్పే పనిగానే మిగులుతుంది.

సీనియర్ సెకండరీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో అందరూ చేసే పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్‌ని ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ముందు ఆక్సాలిక్ ఆమ్లంతో పర్మాంగనేట్ గాఢత కనుక్కుంటాం. ఆ పర్మాంగనేట్‌తో మోర్ లవణాన్ని, అంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌ని, కొలుస్తాం. ప్రతి మెట్టు దగ్గరా ఏం చేయాలో, అక్కడ తప్పు జరిగితే రీడింగు ఎటు జరుగుతుందో కలిపే చెబుతాను. రీడింగు అంటే ఈ వ్యాసమంతటా ఒకటే అర్థం: ఖర్చయిన పర్మాంగనేట్ ఘనపరిమాణం, అంటే బ్యూరెట్ చివరి అంకె నుంచి మొదటి అంకె తీసేస్తే వచ్చేది.

పర్మాంగనేట్‌ని తూచితే సరిపోదా?

సరిపోదు. సీసాలో ఉన్న పర్మాంగనేట్ స్ఫటికాల్లో ఎంతో కొంత మాంగనీస్ డైఆక్సైడ్ కలిసే ఉంటుంది. కరిగించాక కూడా ఆ ద్రావణం నిలకడగా ఉండదు. నీళ్లలో మిగిలిన సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరిస్తూ తాను తగ్గిపోతుంది, వెలుతురుకి విడిపోతుంది. అలా పుట్టిన మాంగనీస్ డైఆక్సైడ్ మిగతా పర్మాంగనేట్ విడిపోవడాన్ని ఇంకా వేగం చేస్తుంది. తూచిన అంకె ఉదయానికి నిజమైనా మర్నాటికి నిజం కాకపోవచ్చు. అందుకే అది ప్రాథమిక ప్రమాణం, అంటే తూకంతోనే గాఢత నమ్మగల పదార్థం, కాదు. దాని గాఢతని నమ్మకమైన మరో పదార్థంతో కొలిచి తెలుసుకోవాలి.

0.02 మోలార్ (లీటరుకి 0.02 మోల్‌లు) ద్రావణం కావాలంటే లీటరుకి సుమారు 3.2 గ్రాముల పర్మాంగనేట్ తీసుకోండి. కరిగించి, మెల్లగా మరగనిచ్చి చల్లార్చండి, లేదా ఒక రాత్రంతా అలా ఉంచేయండి. తరువాత గాజు దూది గుండా వడకట్టండి. ఫిల్టర్ కాగితం వాడొద్దు. కాగితం సెల్యులోజ్, దాన్ని పర్మాంగనేట్ ఆక్సీకరిస్తుంది. వడకట్టింది గోధుమరంగు సీసాలో పోసి, వెలుతురు తగలని చోట పెట్టండి.

ఆక్సాలిక్ ఆమ్లం ప్రమాణ ద్రావణం

స్ఫటిక ఆక్సాలిక్ ఆమ్లంలో ఒక అణువుకి రెండు నీటి అణువులు ఉంటాయి, మోలార్ ద్రవ్యరాశి 126.07. 250 మి.లీ.లో 0.05 మోలార్ ద్రావణం కావాలంటే 0.05 × 0.25 × 126.07, అంటే 1.576 గ్రాములు.

సరిగ్గా 1.576 దగ్గరే ముల్లు ఆగాలని చెంచాతో పోసి తీసి, పోసి తీసి పావుగంట గడిపేవాళ్లు చాలామంది. అక్కర్లేదు. 1.5 నుంచి 1.6 లోపు ఎక్కడ ఆగినా సరే, ఆగిన అంకెని మూడు దశాంశాల దాకా నిజాయితీగా రాసుకోండి. 1.590 గ్రాములు వచ్చిందనుకోండి, గాఢత 1.590 ÷ 126.07 ÷ 0.25 = 0.0504 మోలార్. ప్రమాణ ద్రావణం అంటే గాఢత గుండ్రటి అంకె కావాలని కాదు, ఎంతో కచ్చితంగా తెలిసి ఉండాలని.

తూచేముందు స్ఫటికాల్ని ఒకసారి చూడండి. తళతళ పోయి పొడిగా, సున్నం రాలినట్టు కనిపిస్తుంటే అవి పొడిగాలికి స్ఫటిక జలం కోల్పోయాయి. అప్పుడు మీరు తూచిన బరువులో నీళ్లు తక్కువ, ఆమ్లం ఎక్కువ. రీడింగు పెరుగుతుంది. వెయింగ్ బాటిల్‌తో తూచి, స్ఫటికాలు పోశాక ఖాళీ బాటిల్‌ని మళ్లీ తూచి తేడా తీసుకోవడం మంచిది. గోడకి అంటుకున్న నాలుగు రవ్వలు లెక్కలోకి రాకుండా పోతాయి.

బీకరులో కొద్ది స్వేదన జలంలో పూర్తిగా కరిగించాకే ప్రమాణ ఫ్లాస్క్‌లోకి (మెడ మీద 250 మి.లీ. గీత ఉన్నది) గరాటుతో పోయండి. బీకరునీ గాజు కడ్డీనీ గరాటునీ మూడు నాలుగు సార్లు కొద్దికొద్ది నీళ్లతో కడిగి ఆ కడుగునీళ్లు కూడా ఫ్లాస్క్‌లోకే చేర్చండి. కడుగు ఒక్కసారితో ఆపితే ఆమ్లం బయటే ఉండిపోయి రీడింగు తగ్గుతుంది. ఫ్లాస్క్ మూడింట రెండు వంతులు నిండాక ఒకసారి తిప్పి కలపండి. గీతకి ఒక సెంటీమీటరు కింద నుంచి డ్రాపర్‌తో చుక్కచుక్కగా పోస్తూ, ద్రవపు కింది వంపు గీతని తాకగానే ఆపండి. గీత దాటితే పైనుంచి పీల్చి తీసేయకండి. తీసేది నీళ్లు ఒక్కటే కాదు, ఆమ్లం కూడా. ఆ ద్రావణం పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే దారి.

మూత బిగించి, తలకిందులు చేసి మళ్లీ నిలబెడుతూ కనీసం పదిసార్లు కలపండి. ఇది చేయకపోతే వచ్చే చిక్కు విచిత్రంగా ఉంటుంది. మెడలో పోసిన నీళ్లు పైనే ఉండిపోతాయి, చిక్కటి ద్రావణం అడుగున ఉంటుంది. ఒక్కోసారి పిపెట్‌తో తీస్తుంటే ఒక్కో రీడింగు వస్తుంది, తప్పు టైట్రేషన్‌లో ఉందని వెతుక్కుంటూ కూర్చుంటాం.

మూడు గాజు పాత్రలు, మూడు పద్ధతులు

బ్యూరెట్‌ని నీళ్లతో కడిగాక, 5 మి.లీ. పర్మాంగనేట్ పోసి, అడ్డంగా వంచి తిప్పుతూ గోడలన్నీ తడిపి, కింది ముక్కు గుండా పారబోయండి. ఇలా రెండుసార్లు. చేయకపోతే మిగిలిన నీటి తడి పర్మాంగనేట్‌ని పలచన చేస్తుంది. పలచనైన ద్రావణం ఎక్కువ పోయాల్సి వస్తుంది, రీడింగు పెరుగుతుంది.

పిపెట్‌ని ఆక్సాలిక్ ఆమ్లంతో రెండుసార్లు తొలవండి. నీటి తడి ఉంటే 20 మి.లీ.లో ఆమ్లం తక్కువ వస్తుంది, రీడింగు తగ్గుతుంది.

కోనికల్ ఫ్లాస్క్‌ని స్వేదన జలంతో మాత్రమే కడగాలి. ఆక్సాలిక్ ఆమ్లంతో తొలిచారంటే కొలతకి దొరకని ఆమ్లం గోడల మీద ఉండిపోయి రీడింగు పెరుగుతుంది. నీళ్లు మాత్రం ఎన్ని ఉన్నా ఫరవాలేదు. పిపెట్ ఫ్లాస్క్‌లోకి పంపింది కొన్ని మోల్‌ల ఆమ్లాన్ని. నీళ్లు పోస్తే గాఢత మారుతుంది, మోల్‌లు మారవు. బ్యూరెట్, పిపెట్ ద్రావణాన్ని కొలుస్తాయి, ఫ్లాస్క్ కేవలం పట్టుకుంటుంది. ఏది దేనితో కడగాలో కంఠతా పట్టక్కర్లేదు, ఈ తేడా గుర్తుంటే చాలు.

పిపెట్‌లోకి నోటితో పీల్చడం ఇంకా కొన్నిచోట్ల సాగుతోంది. ఆక్సాలిక్ ఆమ్లం విషం. రబ్బరు బల్బు లేదా పిపెట్ ఫిల్లర్ వాడండి. గీత పైదాకా పీల్చి, మొనని బయటివైపు తుడిచి, కంటి ఎత్తులో పెట్టి గీతకి దించండి. ఫ్లాస్క్ గోడకి మొన ఆనించి ద్రవాన్ని దాని వేగానికి వదిలేయండి. చివర మొనలో మిగిలే చుక్కని ఊదకండి. ఆ చుక్క మిగులుతుందని ముందే లెక్కలోకి తీసుకుని పిపెట్ మీద గీత పెట్టారు. ఊదితే 20 మి.లీ.కి మించి పడి రీడింగు పెరుగుతుంది.

బ్యూరెట్ నింపాక కింది ముక్కులో గాలి బుడగ ఉందేమో వంగి చూడండి. పర్మాంగనేట్ ముదురు రంగులో బుడగ దాక్కుంటుంది. స్టాప్‌కాక్ పూర్తిగా తెరిచి ఒక్క ఉదుటున వదిలితే పోతుంది. వదిలేస్తే అది టైట్రేషన్ మధ్యలో బయటికొస్తుంది, అక్కడ నిండిన ద్రావణం ఫ్లాస్క్‌లో పడకుండానే లెక్కలోకి వస్తుంది, రీడింగు పెరుగుతుంది. నింపిన గరాటుని పైనే వదిలేయడం దీనికి ఎదురు తప్పు. గరాటు కాడలో వేలాడే చుక్క మధ్యలో జారిపడితే మట్టం పెరిగి రీడింగు తగ్గుతుంది.

బ్యూరెట్‌కి గాజు లేదా టెఫ్లాన్ స్టాప్‌కాక్ ఉండాలి. రబ్బరు గొట్టం, క్లిప్పు ఉన్నది పనికిరాదు, పర్మాంగనేట్ రబ్బరుని తినేస్తుంది. ఆ రబ్బరు క్లిప్పు బ్యూరెట్‌ని వాడుకలోకి తెచ్చింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫ్రీడ్రిక్ మోర్ (1806–1879). మోర్ లవణానికి ఉన్న పేరు కూడా ఆయనదే. ఆయన లవణాన్ని పర్మాంగనేట్‌తో కొలవడానికి మాత్రం ఆయన బ్యూరెట్ కుదరదు.

పర్మాంగనేట్ రంగు ముదురు కాబట్టి కింది వంపు కనబడదు, పై అంచునే చదవాలి. మొదటి అంకె, చివరి అంకె రెండూ పై అంచు దగ్గరే తీసుకుంటే తేడాలో తప్పు రాదు. ఒకటి పైన, ఒకటి కింద చదివితే వస్తుంది. కన్ను మట్టానికి సూటిగా ఉండాలి. బ్యూరెట్ గీతలు 0.1 మి.లీ.కి ఒకటి. రెండు గీతల నడుమ ఉంటే 0.05 అని అంచనా వేయండి. ఒక చుక్క కూడా దాదాపు 0.05 మి.లీ.యే ఉంటుంది, కాబట్టి అంతకన్నా సన్నగా చదవాలని పాకులాడటం దండగ. సున్నా దగ్గరే మొదలుపెట్టాలన్న నియమం కూడా లేదు. 0.4 దగ్గర మొదలైతే 0.4 అని రాసుకోండి.

ఆమ్లం ఏది, ఎంత

20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లానికి సుమారు 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. కలపండి. కొలజాడీతో పోస్తే చాలు, ఇక్కడ కచ్చితత్వం అక్కర్లేదు, సమృద్ధిగా ఉండటమే ముఖ్యం. ఒక వంతు గాఢ ఆమ్లాన్ని ఎనిమిది వంతుల నీళ్లలోకి సన్నటి ధారగా, కలుపుతూ పోస్తే దాదాపు 2 మోలార్ వస్తుంది. ఆమ్లం నీళ్లలోకే పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే పైన పడ్డ నీళ్లు ఆ వేడికి అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని మొహం మీదికి చిమ్ముతాయి.

ఆమ్లం ఎందుకంటే, బాగా ఆమ్ల మాధ్యమంలో ఉన్నప్పుడే పర్మాంగనేట్‌లోని మాంగనీస్ +7 నుంచి +2 దాకా దిగి, ఒక్కొక్కటి అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఆమ్లం చాలకపోతే +4 దగ్గరే ఆగి గోధుమరంగు మాంగనీస్ డైఆక్సైడ్‌గా మారుతుంది, మూడే ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. పని తక్కువ చేస్తే మనిషి ఎక్కువ కావాలి కదా. 20 మి.లీ. చాలాల్సిన చోట, మొత్తం అక్కడే ఆగిపోతే 33.3 మి.లీ. కావాలి. ఆచరణలో కొంతే ఆగుతుంది కాబట్టి రీడింగు 20కీ 33కీ మధ్య ఎక్కడో, ప్రతిసారీ వేరే చోట తేలుతుంది. ఫ్లాస్క్ టీ రంగులోకి తిరిగిందంటే ఇదే జరిగింది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు వద్దన్న ప్రశ్న మౌఖిక పరీక్షలో తప్పనిసరిగా వస్తుంది. క్లోరైడ్‌ని పర్మాంగనేట్ క్లోరిన్‌గా ఆక్సీకరిస్తుంది, అందుకు తాను ఖర్చవుతుంది, రీడింగు పెరుగుతుంది. నత్రికామ్లం దీనికి ఉల్టా. అది స్వయంగా ఆక్సీకరణి, పర్మాంగనేట్ చేయాల్సిన పనిలో కొంత తానే చేసేస్తుంది, రీడింగు తగ్గుతుంది. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం అటూ ఇటూ తల దూర్చదు.

ఒక హెచ్చరిక. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నీ ఘన పర్మాంగనేట్‌నీ ఎప్పుడూ, ఎంత కొద్దిగానైనా కలపకండి. పుట్టేది మాంగనీస్ హెప్టాక్సైడ్, అది పేలుతుంది.

వేడి, చుక్కలు, రంగు

ఫ్లాస్క్‌ని వైర్ గాజ్ మీద పెట్టి 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయండి. మొదటిసారి థర్మామీటరు వాడి, దాన్ని తీసేటప్పుడు కొద్ది స్వేదన జలంతో ఫ్లాస్క్‌లోకే కడగండి. ఆ వేడిలో ఫ్లాస్క్ మెడ లోపల ఆవిరి పట్టడం, అడుగుని చేత్తో పట్టుకోలేకపోవడం గమనించి పెట్టుకుంటే తరువాత్తరువాత గురుతు చిక్కుతుంది. మరగనివ్వొద్దు. మరిగే వేడికి దగ్గరపడితే ఆక్సాలిక్ ఆమ్లం కొంత విడిపోయి రీడింగు తగ్గుతుంది. దించేటప్పుడు మడతపెట్టిన కాగితపు పట్టీతో మెడ పట్టుకోండి.

ఫ్లాస్క్ కింద తెల్ల పింగాణీ పలక పెట్టండి. ఎడమచేత్తో స్టాప్‌కాక్ వెనక నుంచి చుట్టి తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్క్ తిప్పుతూ ఉండండి.

మొదటి చుక్కల దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. చుక్క పడింది, గులాబీ రంగు వచ్చింది, పోలేదు. ఎండ్ పాయింట్, అంటే చర్య ముగిసిందని రంగు చెప్పే చోటు, ఇదేనేమో అనిపిస్తుంది. కాదు. వేడిగా ఉన్నా ఈ చర్య మొదట్లో మందకొడిగా నడుస్తుంది. దీన్ని వేగం చేసే ఉత్ప్రేరకం మాంగనీస్ +2 అయాన్, అది ఈ చర్యలోనే పుట్టాలి. రెండు మూడు చుక్కలు రంగు పోగొట్టుకునేదాకా ఓపికగా తిప్పండి. కొంత మాంగనీస్ అయాన్ పోగయ్యాక, పడిన చుక్క పడినట్టే మాయమవుతుంది. తాను పుట్టించినదే తనని తోయడాన్నే స్వయం ఉత్ప్రేరణం అంటారు. పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివే ఈ మాట కళ్లముందు జరిగేది ఇక్కడే, ఆ కొద్ది సెకన్లు హడావుడి పడకుండా చూడండి.

అర నిమిషం తిప్పినా మొదటి చుక్క రంగు పోకపోతే వేడి చాలలేదు, మళ్లీ వేడి చేయండి. మొదట్లోనే తొందరపడి ధారగా వదిలితే పర్మాంగనేట్ పేరుకుపోయి గోధుమరంగు తిరుగుతుంది. అలా తిరిగింది వేడి చేసి తిప్పితే విడిపోయి తేటపడితే సరే, పడకపోతే ఆ ఫ్లాస్క్ వదిలేయండి. మధ్యలో ద్రావణం 60 కిందికి చల్లారితే మళ్లీ వేడి చేసి కొనసాగించవచ్చు. చల్లారిన ద్రావణంలో రంగు ఆలస్యంగా పోతుంది, ఆ ఆలస్యాన్ని ఎండ్ పాయింట్ అనుకుంటే రీడింగు తగ్గుతుంది.

రంగు పోవడానికి పట్టే సమయం మళ్లీ పెరుగుతుంటే చివర దగ్గరపడింది. అక్కడి నుంచి ఒక్కో చుక్కే. అంతకన్నా తక్కువ కావాలంటే, ముక్కు చివర సగం చుక్క వేలాడేలా స్టాప్‌కాక్ కదిపి, ఫ్లాస్క్ గోడకి తాకించి స్వేదన జలంతో కిందికి కడగండి. ద్రావణమంతా పరుచుకున్న లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలిచిందా, అదే ఎండ్ పాయింట్. వేరే సూచిక (రంగు మారి ముగింపు చెప్పే పదార్థం) ఎందుకు అక్కర్లేదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్నంతసేపూ పర్మాంగనేట్ రంగు నిలవదు, అది అయిపోయాక ఒక చుక్క అదనమైనా కనబడుతుంది. కాసేపటికి ఆ గులాబీ కూడా వెలిసిపోవచ్చు. పర్మాంగనేట్ అక్కడున్న మాంగనీస్ +2తో మెల్లగా కలుస్తుంది, గాలిలోని ధూళి కూడా దాన్ని తగ్గిస్తుంది. అది చూసి ఇంకో చుక్క వేయకండి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయారు. వెనక్కి తెచ్చే మార్గం లేదు.

మొదటిసారి చేసేది ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి. ఆ అంకెని సగటులో కలపకండి. తరువాతి వాటిలో 0.1 మి.లీ. లోపు కలిసే మూడు రీడింగులు తీసుకోండి. కలవని దాన్ని కలిసినట్టు దిద్దడం కన్నా ఇంకొకసారి చేయడం తేలిక, పైగా దిద్దిన అంకె మీకు ఏమీ నేర్పదు.

లెక్క

సూత్రంలో అంకెలు ఎక్కించి తలకిందులు చేసేవాళ్లే ఎక్కువ. మోల్‌లతో చేస్తే ఆ ప్రమాదం లేదు. రెండు మోల్‌ల పర్మాంగనేట్ అయిదు మోల్‌ల ఆక్సాలిక్ ఆమ్లాన్ని ఆక్సీకరిస్తుంది. ఎందుకంటే పర్మాంగనేట్ తీసుకునే ఎలక్ట్రాన్లు అయిదు, ఆక్సలేట్ ఇచ్చేవి రెండు; ఇచ్చిపుచ్చుకోవడం పది దగ్గర సరిపోతుంది.

పైన చెప్పిన 0.0504 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 20.0 మి.లీ.కి 19.8 మి.లీ. పర్మాంగనేట్ పట్టిందనుకుందాం. ఆమ్లం 20.0 × 0.0504 = 1.008 మిల్లీమోల్‌లు. పర్మాంగనేట్ అందులో అయిదింట రెండు వంతులు, 0.4032 మిల్లీమోల్‌లు. 19.8తో భాగిస్తే 0.0204 మోలార్. మోలార్ ద్రవ్యరాశి 158.03తో గుణిస్తే లీటరుకి 3.22 గ్రాములు.

నిష్పత్తిని తిరగేసి అయిదు బై రెండు పెడితే 0.127 మోలార్ వస్తుంది, ఆరు రెట్లకి పైగా ఎక్కువ. లీటరుకి 3.2 గ్రాములు వేసి చేసిన ద్రావణం 20 గ్రాముల గాఢత ఎలా చూపిస్తుంది? జవాబు రాశాక ఇలా ఒక్క క్షణం ఆగి అడిగితే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

స్ఫటిక జలం ఎంతో కనుక్కోమనే ప్రశ్నకీ ఇదే దారి. లీటరుకి 6.30 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న ద్రావణం టైట్రేషన్‌లో 0.05 మోలార్ అని తేలితే, మోలార్ ద్రవ్యరాశి 126. నీళ్లు లేని ఆక్సాలిక్ ఆమ్లానిది 90. మిగిలిన 36ని 18తో భాగిస్తే రెండు.

మోర్ లవణంతో

1846లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మార్గరిత్ పర్మాంగనేట్‌ని కొలతకి వాడింది ఇనుము కోసమే. మోర్ లవణంలో ఉన్నది ఫెర్రస్ (+2) ఇనుమే, పర్మాంగనేట్ దాన్ని ఫెర్రిక్ (+3)గా మారుస్తుంది. ఇక్కడ ఒక పర్మాంగనేట్ అయిదు ఫెర్రస్ అయాన్లకి సమానం.

మోర్ లవణం మోలార్ ద్రవ్యరాశి 392.14. 250 మి.లీ.లో 0.1 మోలార్‌కి 9.80 గ్రాములు. 0.02 మోలార్ పర్మాంగనేట్ ఎదురుగా 0.05 మోలార్ ద్రావణం పెడితే రీడింగు 10 మి.లీ. దగ్గరే ముగుస్తుంది. మొదట, చివర చదవడంలో కలిపి 0.1 మి.లీ. తేడా వస్తుందనుకుంటే 20 మీద అది 0.5 శాతం, 10 మీద 1 శాతం. అందుకే 0.1 మోలార్ పెట్టుకోండి, లేదా పర్మాంగనేట్‌ని 0.01 మోలార్‌కి తగ్గించి 0.05 మోలార్ లవణం వాడండి.

స్ఫటికాలు లేత ఆకుపచ్చగా ఉండాలి. పసుపు, గోధుమ మచ్చలుంటే కొంత ఫెర్రస్ అప్పటికే ఫెర్రిక్ అయింది, రీడింగు తగ్గుతుంది. కరిగించేటప్పుడే 20 మి.లీ. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపండి. ఉత్త నీళ్లలో కరిగిస్తే జలవిశ్లేషణ, గాలి ఆక్సీకరణ రెండూ కలిసి ద్రావణం మసకబారి గోధుమరంగు పొడి దిగుతుంది. మరిగించి చల్లార్చిన స్వేదన జలం వాడితే కరిగి ఉన్న ఆక్సిజన్ పోయి ఇంకా మేలు. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

దీన్ని వేడి చేయకూడదు. ఫెర్రస్, పర్మాంగనేట్ చర్య చల్లగానే వెంటవెంటనే జరుగుతుంది, వేడి చేస్తే లాభం లేకపోగా గాలి ఆక్సిజన్ ఫెర్రస్‌ని తినేస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లాన్ని ఎందుకు వేడి చేస్తాం, మోర్ లవణాన్ని ఎందుకు చేయం అన్న ప్రశ్నకి ఇంతే జవాబు. టైట్రేషన్‌కి ముందు ఫ్లాస్క్‌లో కూడా 20 మి.లీ. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపడం మరవకండి. చివర్లో ఫెర్రిక్ పసుపు రంగు గులాబీని కాస్త కప్పుతుంది, కొంచెం ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపితే ఫెర్రిక్ రంగులేని సంక్లిష్టంగా మారి ఎండ్ పాయింట్ స్పష్టపడుతుంది.

9.80 గ్రాములు 250 మి.లీ.లో కరిగించి, 20.0 మి.లీ.కి 0.0204 మోలార్ పర్మాంగనేట్ 19.2 మి.లీ. పట్టిందనుకోండి. పర్మాంగనేట్ 0.3917 మిల్లీమోల్‌లు, ఫెర్రస్ అయిదు రెట్లు, 1.958. గాఢత 0.0979 మోలార్, లీటరుకి 38.4 గ్రాములు. తూచింది లీటరుకి 39.2 లెక్కన, కాబట్టి శుద్ధత 98.0 శాతం.

రీడింగులు కలవనప్పుడు

అంకెలు ఎలా చెదిరాయో చూస్తే తప్పు ఎక్కడుందో చాలాసార్లు తెలుస్తుంది. మోర్ లవణంతో ఒక్కో రీడింగూ వరసగా కొద్దికొద్దిగా తగ్గుతూ పోతుంటే ద్రావణం గాలికి ఆక్సీకరణ చెందుతోంది, ఆమ్లం తక్కువై ఉంటుంది. మొదటిది ఒక్కటే తక్కువ వచ్చి మిగతావి కలిస్తే పిపెట్ తొలవలేదు, మొదటి వాడకమే దాన్ని తొలిచింది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, దారీతెన్నూ లేకుండా ఉంటే స్టాప్‌కాక్ కారుతోందా, ఎండ్ పాయింట్ రంగు ఒక్కోసారి ఒక్కోలా తీసుకుంటున్నారా, ప్రమాణ ఫ్లాస్క్ కలిపారా చూడండి. కారడాన్ని పట్టుకోవాలంటే నింపిన బ్యూరెట్‌ని అయిదు నిమిషాలు అలా వదిలి మట్టం దిగిందేమో చూస్తే చాలు.

అన్నీ చక్కగా కలిసి జవాబు మాత్రం తప్పయితే అది అన్నిటికన్నా కష్టమైనది. కలవడం అంటే ప్రతిసారీ ఒకేలా చేశారని, సరిగ్గా చేశారని కాదు. ఇలాంటప్పుడు మళ్లీ టైట్రేషన్ చేయకండి. తూకం, గీతదాకా నింపడం, స్ఫటికాల స్థితి, బ్యూరెట్ తొలవడం చూడండి, ప్రతిసారీ ఒకేవైపు లాగేవి అవే.

కడిగిపెట్టడం

పని అవగానే బ్యూరెట్ ఖాళీ చేసి నీళ్లతో కడగండి. పర్మాంగనేట్ అందులోనే ఆరిపోతే గోడల మీద గోధుమరంగు చార పడుతుంది, అది నీళ్లకి పోదు. మిగిలిన ఆక్సాలిక్ ఆమ్లంలో కొద్దిగా విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, గోరువెచ్చగా చేసి పోసి కాసేపు ఉంచితే పోతుంది. అప్పటిదాకా చేసిన చర్యే అది, ఈసారి మాంగనీస్ డైఆక్సైడ్ మీద. తరువాత స్వేదన జలంతో రెండుసార్లు కడిగి, స్టాప్‌కాక్ తెరిచి, తలకిందులుగా స్టాండుకి బిగించండి.